పప్పుబెల్లాల నుంచి హాలోవీన్ దాకా: గడపగడపకూ వెళ్లే పిల్లల భద్రత

అవగాహన: డీఎస్సీ, గ్రూప్‌–2, సచివాలయ ఉద్యోగార్థులకు

సిలబస్‌లో ప్రజారోగ్యం ఒకచోట, బాలల చట్టాలు ఇంకోచోట, రోడ్డు భద్రత మరోచోట ఉంటాయి. అభ్యర్థులు వాటిని మూడు నోటుపుస్తకాల్లో రాసుకుంటారు. పరీక్ష హాల్లో ఈ మూడింటినీ కలిపి ఒక్క ప్రశ్న వస్తే కలం ముందుకు సాగదు. ఇంటింటికీ తిరిగి తినుబండారాలు అందుకునే పిల్లల పండగను తీసుకుంటే ఆ మూడూ ఒకే వీధిలో కలుస్తాయి. అమెరికాలో ఆ పండగ హాలోవీన్. మన దగ్గర దసరా పప్పుబెల్లాలు. అద్దంకి అనగానే పోటీ పరీక్షల వాళ్లకు పండరంగని శాసనం, తరువోజ పద్యం, ప్రోలయ వేమారెడ్డి, ఎర్రాప్రగడ గుర్తుకొస్తారు. ఈసారి అదే ఊరిని ఉదాహరణగా పెట్టుకుని పిల్లల సంగతి చూద్దాం.

దసరా పప్పుబెల్లాలు

కోస్తా ఆంధ్రలో వీధిబడుల కాలం నాటి ఆచారమిది. నవరాత్రుల్లో అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకుని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగేవారు. పిల్లలు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, వాకిట్లో నిలబడి దసరా పద్యాలు రాగం తీసి చదివేవారు. ఇంటివాళ్లు అయ్యవారికి పైకమో, బట్టలో ఇచ్చి, పిల్లల దోసిళ్లలో పుట్నాల పప్పు, బెల్లం పోసేవారు. అయ్యవారికి గట్టి జీతం లేని రోజులవి. పండగ సంభావన ఆయన రాబడిలో ఒక భాగం. అలాంటి దేశీయ బడుల వివరాలు సేకరించమని మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన నివేదికల మీద 1826లో తన అభిప్రాయం నమోదు చేశాడు. ఈ రెండు సంవత్సరాలనూ గుర్తుంచుకోవాలి.

జీతాల బడులు వచ్చాక అయ్యవారి ఊరేగింపు వెనకబడింది. పిల్లలు గడపలెక్కడం మాత్రం మానలేదు. వినాయక చవితికి చందాలు, భోగికి కట్టెలు, పిడకలు అంటూ ఏదో ఒక వంకన గుంపుగా బయల్దేరుతూనే ఉన్నారు.

పాత ఆచారంలో ఒక సంగతి గమనించండి. పిల్లల ముందు పెద్దమనిషి ఒకరు నడిచేవారు. తిరిగేది ఎక్కువగా పగటిపూట. పెట్టేవాళ్లంతా ఎరిగినవాళ్లే. భద్రత పేరుతో ఎవరూ నియమాలు రాయకపోయినా, మూడు పెద్ద జాగ్రత్తలు ఆ పద్ధతిలోనే ఇమిడి ఉన్నాయి. ఇప్పటి చందాల గుంపుల్లో ఈ మూడూ ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ముఖ్యంగా మొదటిది.

హాలోవీన్ క్లుప్తంగా

అక్టోబరు 31 సాయంత్రం జరుపుకునే ఈ పండగ మూలాలను ప్రాచీన కెల్టుల సౌవిన్ పండగలో చూస్తారు. మర్నాడు, అంటే నవంబరు 1, క్రైస్తవులకు సకల పునీతుల దినం. ఐర్లాండ్, స్కాట్లాండ్ వలసదారులతో 19వ శతాబ్దంలో ఇది అమెరికా చేరింది. పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ వెళ్లి మిఠాయి అడగడాన్ని అక్కడ ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అంటారు. 1950లో ఫిలడెల్ఫియాలో పిల్లలు మిఠాయికి బదులు పాల డబ్బాల్లో చిల్లర పోగుచేసి యూనిసెఫ్‌కు పంపారు. ఆ విరాళాల కార్యక్రమం అక్కడి నుంచే మొదలైంది. న్యూజెర్సీలోనో, టెక్సస్‌లోనో ఉన్న తెలుగు పిల్లలకు దసరా, హాలోవీన్, దీపావళి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అద్దంకిలో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్‌లో మనవడి దెయ్యం వేషం చూపించడం ఇప్పుడు వింతేమీ కాదు.

విషం మిఠాయి కథ

హాలోవీన్ అనగానే అమెరికా తల్లిదండ్రులకు ముందు పట్టుకునే భయం, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మిఠాయిలో విషమో, ఆపిల్‌లో బ్లేడో పెట్టి ఉంటాడని. డెలావేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన ఇలాంటి వార్తలను ఏళ్ల తరబడి వెతికి పరిశీలించాడు. ఇంటికొచ్చిన పిల్లలకు అపరిచితుడు పంచిన కల్తీ మిఠాయి వల్ల ఒక్క బిడ్డ చనిపోయినట్టు గానీ, తీవ్రంగా గాయపడినట్టు గానీ రుజువైన కేసు ఆయనకు దొరకలేదు. చిన్నాచితకా ఆకతాయి పనులు ఉన్నాయి, అంతే.

1974లో టెక్సస్‌లో ఎనిమిదేళ్ల బాలుడు హాలోవీన్ రాత్రి సయనైడ్ కలిపిన తీపిపొడి తిని చనిపోయిన మాట నిజం. ఆ విషం కలిపింది బయటివాడు కాదు, కన్నతండ్రి. బీమా డబ్బు కోసం చేశాడు. 1982లో షికాగోలో టైలినాల్ అనే నొప్పి మందు గొట్టాల్లో ఎవరో సయనైడ్ కలపగా ఏడుగురు చనిపోయారు. అది హాలోవీన్‌కు కొద్ది వారాల ముందు జరగడంతో మిఠాయి భయం మరింత పెరిగింది. మూత తెరిచారో లేదో ఇట్టే తెలిసిపోయే సీళ్లు మందుల సీసాలకు తప్పనిసరి అయింది ఆ ఘటన తరవాతే.

మన ఊళ్లలోనూ ఇదే తంతు నడుస్తుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని ఏటా ఎక్కడో ఒకచోట వాట్సాప్‌లో ఆడియో తిరుగుతుంది. ఊరంతా కాపలా కాస్తుంది. అదే రోజు ముగ్గురు పిల్లలు ఒకే బైకు మీద హెల్మెట్ లేకుండా ఊరు దాటిపోతుంటే ఎవరూ ఆపరు.

అసలు ప్రమాదం రోడ్డు మీద

2018 అక్టోబరులో జామా పీడియాట్రిక్స్ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. 1975 నుంచి 2016 వరకు 42 హాలోవీన్ సాయంత్రాల రోడ్డు మరణాలను, వారం ముందు, వారం తరవాత వచ్చే మామూలు సాయంత్రాలతో పోల్చారు. పాదచారుల మరణాల ముప్పు హాలోవీన్ నాడు 43 శాతం ఎక్కువ. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకైతే దాదాపు పది రెట్లు. ముప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో. నడిరాత్రి కాదు, మసక చీకటి వేళ. వెలుతురు తగ్గిపోయినా డ్రైవరు ఇంకా పగటి వేగంతోనే వెళ్తుంటాడు. పిల్లలేమో ఎదురింటి దీపం చూసి రోడ్డుకు అడ్డంగా పరిగెత్తుతారు.

దీన్ని అద్దంకికి అన్వయించండి. నార్కెట్‌పల్లి–అద్దంకి–మేదరమెట్ల రహదారి ఈ ప్రాంతం మీదుగా సాగి మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిని కలుస్తుంది. హైదరాబాద్ నుంచి నెల్లూరు, చెన్నై వైపు వెళ్లే వాహనాలకు ఇది దగ్గరి దారి. ఊళ్లో దసరా సందడి, సింగరకొండ ఆంజనేయస్వామి గుడికి వెళ్లివచ్చే జనం, పంట ట్రాక్టర్లు, పండక్కి ఊరొచ్చిన కార్లు అన్నీ ఒకే వేళకు రోడ్డెక్కుతాయి. అక్టోబరులో ఆరు గంటలకల్లా మసకబారుతుంది. వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు ఆ వేళలో దగ్గరికి వచ్చేదాకా పెద్దవాళ్లకే కనపడదు.

చేయగలిగింది తేలికే. రహదారి దాటాల్సిన వీధులను పిల్లల జాబితాలోంచి ముందే తీసేయాలి. గుంపుకు ముందొకరు, వెనకొకరు పెద్దవాళ్లు ఉండాలి. విల్లంబుకు బంగారు కాగితంతో పాటు వెలుగు పడితే మెరిసే టేపు నాలుగు అంగుళాలు అంటిస్తే దూరం నుంచే కనపడుతుంది. సైకిలు మడ్‌గార్డుకు వేసే ఎర్ర రేడియం స్టిక్కరైనా సరిపోతుంది. చీకటి పడకముందే ఇళ్లకు చేర్చాలి. అమెరికాలో 2005 ఇంధన విధాన చట్టం ప్రకారం వేసవి వేళలు ముగించి గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజును 2007 నుంచి నవంబరు మొదటి ఆదివారానికి జరిపారు. దాంతో హాలోవీన్ సాయంత్రానికి ఒక గంట వెలుతురు కలిసొచ్చింది.

బైకుల మీద పిల్లలకు సంబంధించి ఒక నిబంధన తరచూ అడుగుతున్నారు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం నోటిఫై చేసి, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి తెచ్చిన నియమం ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లలను బైకుపై తీసుకెళ్తే నడిపేవారికి కట్టి ఉంచే భద్రతా పట్టీ వేయాలి. తొమ్మిది నెలలు దాటిన వారికి హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. మైనరు వాహనం నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద సంరక్షకుడికో, యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా.

గుప్పెడు పుట్నాలు

పిల్లవాడి చేతిని దగ్గరగా చూడండి. విల్లంబు పట్టుకున్న చెయ్యి, గేటు గొళ్లెం తీసిన చెయ్యి, వీధికుక్కను నిమిరిన చెయ్యి, పుట్నాలు అందుకున్న చెయ్యి, అన్నీ అదే చెయ్యి. అరచేతి చెమటకు బెల్లం కరిగి పుట్నాలన్నీ ముద్దగా అంటుకుంటాయి. మిగిలింది చొక్కా జేబులోకి వెళ్తుంది, తరవాత జేబులోంచి నోట్లోకి. విరేచనాలకు, నులిపురుగులకు ఇదే రాజమార్గం. ప్రపంచ చేతుల శుభ్రత దినం అక్టోబరు 15. దీన్ని 2008 నుంచి పాటిస్తున్నారు. జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం ఫిబ్రవరి 10, రెండో విడత ఆగస్టు 10. ఏడాది నుంచి 19 ఏళ్ల వయసు వారికి ఆల్బెండజోల్ ఇస్తారు. ఒకటి నుంచి రెండేళ్ల వారికి అర మాత్ర, ఆపై వారికి 400 మిల్లీగ్రాముల మాత్ర. పుట్నాలు దోసిట్లో పోయకుండా చిన్న కాగితపు పొట్లాల్లో కట్టి ఇవ్వడం, ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడిగాకే విప్పనివ్వడం, ఈ రెండు అలవాట్లతో సగం రోగాలు దూరమవుతాయి. అయితే అచ్చేసిన వార్తాపత్రికలో మాత్రం కట్టకూడదు. సిరాలోని రసాయనాలు తిండికి అంటుతాయని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ హెచ్చరించింది.

చిన్నపిల్లల విషయంలో ఇంకో ముప్పు ఉంది. నాలుగేళ్ల లోపు వారికి వేరుశనగలు, పుట్నాలు, గట్టి చాక్లెట్లు ఇవ్వకూడదు. వాళ్లకు దవడ పళ్లు ఇంకా సరిగా రావు, నమలకుండా మింగుతారు, పరిగెత్తుతూ నవ్వుతూ తింటారు. పప్పు బద్ద గొంతు దాటి గాలి గొట్టంలోకి పోతే క్షణాల్లో ఊపిరి ఆగుతుంది. మన ఇళ్లలో పొలమారితే నడినెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటాం. పిల్లాడు గట్టిగా దగ్గుతుంటే అంతవరకు ఫరవాలేదు, దగ్గనివ్వాలి. దగ్గు రాక, ఏడుపు రాక, పెదాలు నీలంగా మారుతుంటే నెత్తిన తట్టి లాభం లేదు. ఏడాది దాటిన పిల్లలైతే ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపుపై అయిదుసార్లు గట్టిగా చరచాలి. అప్పటికీ రాకపోతే వెనక నిలబడి బొడ్డుకు పైన పిడికిలితో అయిదుసార్లు లోపలికి, పైకి నొక్కాలి. హైమ్లిక్ పద్ధతి అంటారు దీన్ని, 1974లో వెలుగులోకి వచ్చింది. ఏడాదిలోపు పసివాళ్లకు పొట్ట నొక్కకూడదు, వీపు చరిచాక రొమ్ము మధ్య రెండు వేళ్లతో నొక్కాలి. గొంతులో గుడ్డిగా వేలు పెట్టకూడదు, నీళ్లు తాగించకూడదు.

కల్తీ సంగతి కూడా చూడాలి. పప్పులకు పసుపు నిగారింపు కోసం మెటానిల్ ఎల్లో అనే రంగు వాడిన కేసులు దేశంలో ఉన్నాయి. తిండిలో దానికి అనుమతి లేదు. పప్పు కడిగిన నీళ్లలో కొన్ని చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసినప్పుడు గులాబీ రంగు తేలితే ఆ రంగు ఉన్నట్టే. జాతరలో దొరికే పీచు మిఠాయికి రోడమిన్–బి కలుపుతున్నారని తేలడంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు దానిని నిషేధించాయి. మార్చిలో కర్ణాటక ఆ రంగు వాడకాన్ని నిషేధించింది. రోడమిన్–బి బట్టలకు, కాగితాలకు వేసే అద్దకపు రంగు.

బెల్లం మంచిదే కదా అనేవాళ్లు ఉంటారు. పళ్లకు చక్కెరకూ బెల్లానికీ తేడా తెలియదు. రోజుకు తీసుకునే శక్తిలో విడి చక్కెరల వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతంలోపైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 20–25 గ్రాములు చాలంది. ఈ సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది.

మిరప చేల ఊళ్లో మందు డబ్బా

అమెరికా కరదీపికల్లో ఎక్కడా కనపడని అధ్యాయమిది. దసరా నాటికి అద్దంకి చుట్టుపక్కల మిరప తోటలు ఎదిగే దశలో ఉంటాయి, పత్తి తొలి తీతకు సిద్ధమవుతుంటుంది. మందు కొట్టే రోజులు. 2021–22లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చిపెట్టాక రైతులు మందుల మీద ఇంకా ఎక్కువ ఆధారపడ్డారు. పిల్లలు పప్పుబెల్లాల కోసం ఎక్కే అరుగు పక్కనే పిచికారీ పంపు, సగం వాడిన మందు డబ్బా, తడి గోనెసంచి ఉండే ఇళ్లు తక్కువేం కాదు.

2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు ప్రయోగశాల పరీక్షలో తేలింది. పిల్లలకు ఆ విషం చేరింది రోజూ అన్నం పెట్టే వంటగది నుంచే. ఖాళీ మందు డబ్బా కడిగి అందులో పప్పు, నూనె పోసుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడకుండా మన దేశం 2005లోనే నిషేధించింది.

డబ్బా మీది త్రికోణపు రంగులు ప్రతి పరీక్షకూ అవసరం. ఎరుపు అత్యంత విషపూరితం, దాని మీద పుర్రె గుర్తు ఉంటుంది. పసుపు అధిక విషం. నీలం మధ్యస్థం. ఆకుపచ్చ స్వల్పం. నోటి ద్వారా ఎలుకల్లో సగం చనిపోయే మోతాదు ఆధారంగా ఈ విభజన చేశారు. కిలో బరువుకు 1–50 మిల్లీగ్రాములైతే ఎరుపు, 51–500 పసుపు, 501–5000 నీలం, 5000 దాటితే ఆకుపచ్చ. చట్టం పేరు క్రిమిసంహారకాల చట్టం, 1968. ఆకుపచ్చ అంటే ఏమీ కాదనుకునే రైతులున్నారు, అది పొరపాటు.

పిల్లాడి నోటి నుంచి నురగ, చొంగ కారడం, విపరీతంగా చెమట, కంటిపాప చుక్కంత అవడం కనిపిస్తే ఆర్గానోఫాస్ఫేట్ మందు అని అనుమానించాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకూడదు. బట్టలు విప్పి ఒళ్లు సబ్బుతో కడిగి, డబ్బాను లేబుల్‌తో సహా ఆస్పత్రికి పట్టుకెళ్లాలి. డాక్టరు ఇచ్చే విరుగుడు అట్రోపిన్. ఏ మందో తెలియకపోతే ఆయనకు విలువైన సమయం పోతుంది.

వేషం, మంట, పాము

రాముడి కిరీటం, అమ్మవారి చీర వేయిస్తే కాళ్లకు అడ్డం పడని పొడవు ఉండాలి. నైలాన్, పాలిస్టర్ బట్ట దీపం తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, నూలు బట్ట మేలు. నిప్పంటుకుంటే పరిగెత్తనివ్వకుండా కింద పడుకోబెట్టి దొర్లించాలి. కాలిన చోట మామూలు నీళ్లు ఇరవై నిమిషాలు పోయాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకూడదు. కళ్లు పూర్తిగా కనపడని మాస్కు రోడ్డు మీద ప్రమాదమే. ముఖానికి పూసే రంగును ముందురోజు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి చూడాలి.

చేల గట్ల మీదుగా వాడ నుంచి వాడకు వెళ్లే పిల్లల కాళ్లకు చెప్పులు, చేతిలో టార్చి ఉండాలి. కట్లపాము, రక్తపింజర, నాగుపాము, పొడపాము అనే నాలుగూ మన చేలల్లో ఉన్నవే. పాముకాటు మరణాలను 2030కల్లా సగానికి తగ్గించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళికను కేంద్రం 2024 మార్చిలో విడుదల చేసింది.

చట్టాలు

లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్ల లోపు వారందరికీ వర్తిస్తుంది. నేరం తెలిసినవారు ఫిర్యాదు చేయడం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి, చేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. ఇక్కడ ఉపాధ్యాయ అభ్యర్థులు జాగ్రత్తగా చదవాలి. పిల్లలను వెంటబెట్టుకెళ్లే మనిషికే ఈ బాధ్యత ముందు వర్తిస్తుంది. చైల్డ్‌లైన్ 1098 సేవ 1996లో ముంబైలో మొదలైంది. మిషన్ వాత్సల్య కింద 2023లో దీన్ని 112 అత్యవసర వ్యవస్థతో అనుసంధానించారు. 108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది.

పిల్లలను చందాలకు తిప్పడం భిక్షాటన కిందికి వస్తుందా అని తరగతుల్లో అడుగుతుంటారు. బాలల న్యాయ చట్టం 2015, సెక్షన్ 76 శిక్షించేది పిల్లల్ని భిక్షాటన కోసం నియమించే, వాడుకునే వారిని. శిక్ష అయిదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. ఊరి ఆచారంలో పాల్గొనే పిల్లలు వేరు. పెద్దల మండపం ఖర్చుకు పిల్లల్ని ముందుపెట్టి రోజంతా రోడ్డు మీద లారీలు ఆపించడం మాత్రం ఆచారం పేరుతో సమర్థించుకోదగిన పని కాదు.

రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. సాయం చేసినవారికి మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

ఇంకొకటి, బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించింది. భారత్ 1992లో అంగీకరించింది. దాని 31వ అధికరణం ఆట, విశ్రాంతి, సాంస్కృతిక జీవితంలో పాల్గొనడం పిల్లల హక్కు అంటుంది. భయంతో గుమ్మం దాటనివ్వకపోవడం భద్రత అనిపించుకోదు.

మాదిరి ప్రశ్నలు

1. క్రిమిసంహారక డబ్బాపై పసుపు త్రికోణం సూచించేది? జవాబు: అధిక విషం, 51–500 మిల్లీగ్రాముల శ్రేణి.

2. జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం రెండో విడత ఎప్పుడు? జవాబు: ఆగస్టు 10.

3. పీచు మిఠాయిలో వాడినందుకు 2024లో కొన్ని రాష్ట్రాలు చర్య తీసుకున్న రంగు? జవాబు: రోడమిన్–బి.

4. పోక్సో చట్టంలో నేరం గురించి తప్పనిసరిగా తెలియజేయాలనే సెక్షన్? జవాబు: 19.

5. వ్యాసరూప ప్రశ్న: ‘పండగ వేళ పిల్లలకు అపరిచితుల కంటే రోడ్డు, వంటగది ఎక్కువ ప్రమాదకరం.’ చర్చించండి. సూచన: జోయెల్ బెస్ట్ పరిశీలన, జామా పీడియాట్రిక్స్ గణాంకాలు, 2013 సారణ్ ఘటన, మీ మండలంలోని ఒక రహదారి ఉదాహరణ, రెండు చట్టాలు తప్పక రాయాలి. పోక్సో ప్రస్తావించేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త: పిల్లలపై జరిగే లైంగిక నేరాల్లో నిందితులు ఎక్కువగా బాధితులకు తెలిసినవారే. అపరిచితుల భయం అతి అని రాసి ఊరుకోకుండా, ఆ వాక్యం కింద ఈ సంగతీ రాస్తే మార్కులు పడతాయి.